నీటి వాలంటీర్ల ట్రైనింగ్: హాల్లో పాస్ మార్కులు, డ్రైను గట్టు మీద ఫస్ట్ క్లాస్

ముందే చెప్పేస్తాను, వెళ్లొచ్చు. ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే, శని ఆదివారాల్లోనే పెడతారు కాబట్టి పని మానుకోనక్కర్లేదు. కాకపోతే మొదటి రోజు హాల్లో చూపించే స్లైడ్లకి విసిగిపోయి, భోజనం కానిచ్చి అటునుంచటే జారుకోకండి. మా బ్యాచ్‌లో కొంతమంది అదే చేశారు. అసలు సరుకంతా బయట గట్టెక్కాకే ఉంది.

సంగతేంటంటే, మా అమలాపురం వైపు ఒక స్వచ్ఛంద సంస్థ ఊళ్లలో జనానికి తమ పంట కాలువని, చేలోంచి మురుగు దించే డ్రైన్ని, చెరువుని తామే పరీక్ష చేసుకుని కాపాడుకోవడం నేర్పిస్తోంది. వచ్చినవాళ్లలో రైతులున్నారు, డ్వాక్రా ఆడవాళ్లున్నారు, డిగ్రీ పిల్లలున్నారు, రిటైరైన మాస్టార్లు ఒకరిద్దరు ఉన్నారు. వాలంటీర్ ట్రైనింగ్‌కి వెళ్తున్నానంటే మా వీధిలో సగం మంది పింఛను ఇంటికి తెచ్చిచ్చే వాలంటీర్లని మళ్లీ పెడుతున్నారేమో అనుకుని అప్లికేషన్ ఎక్కడిస్తారని అడిగారు, అదో గోల. సంస్థ పేరు రాయట్లేదు. కింద కొన్ని మాటలు గట్టిగానే అనబోతున్నాను, పైగా ఇలాంటివి అటు భీమవరం వైపు పెట్టినా ఇటు పెట్టినా చూసుకోవాల్సిన విషయాలు ఇంచుమించు ఇవే.

ముందు హాలు సంగతి. వాటర్‌షెడ్, అంటే పడ్డ వాన నీరంతా ఒక వైపుకి పారే నేల, అంటూ మొదలుపెట్టి పొద్దున్నుంచి కొండలు చూపించారు. వాలుకి అడ్డంగా తవ్వే కందకాలు, రాతి కట్టలు, చెక్‌డ్యాములు, ఊట కుంటలు, శిఖరం నుంచి లోయకి దిగుతూ పని చేసుకురావాలన్న సూత్రం. 1994లో వాటర్‌షెడ్ పనుల మీద హనుమంతరావు కమిటీ, 1995 నుంచి దాని మార్గదర్శకాలు, అంతా చెప్పారు. అందులో తప్పేం లేదు, అనంతపురంలో చెబితే చప్పట్లు కొడతారు. వాన నీటిని ఎక్కడికక్కడ ఆపడం అక్కడి అవసరం. మనకి వచ్చిన తిప్పలు వేరు, నీళ్లు దిగిపోవు. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, "మా ఊళ్లో ఎత్తయిన చోటంటే ఏటిగట్టేనండి, ఆయ్, దాని మీద చెక్‌డ్యాం కట్టమంటారా" అనేసరికి హాలంతా నవ్వులు. స్లైడ్లు చూపిస్తున్న కుర్రాడు పాపం నవ్వలేక ఏడవలేక తర్వాతి స్లైడుకి వెళ్లాడు. చూస్తే అందులో మళ్లీ కొండే.

తర్వాత కాటన్ దొర. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని, దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ ఏర్పడ్డాయని కోనసీమ వాళ్లకి గంట సేపు చెప్పడం ఏమిటో నాకర్థం కాలేదు. ఊరూరా విగ్రహం ఉన్నాయన గురించి మాకు చెప్పాలా? ఆ గంట తీసేసి బయట ఇంకో గంట తిప్పుంటే బాగుండేది.

హాల్లో పనికొచ్చింది ఒక్కటే. డ్రైనేజీ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు గారిని తీసుకొచ్చారు. ఆయన ప్రొజెక్టరు ఆపించి, చాక్‌పీసుతో బోర్డు మీద రెండు గీతలు గీసి మొత్తం డెల్టాని పావుగంటలో చెప్పేశారు. మన దగ్గర నది ఎత్తు మీద నడుస్తుందట. వేల ఏళ్లుగా వరదలొచ్చినప్పుడల్లా ఒండ్రు ముందు ఒడ్డునే దిగడంతో ఏటి పక్క నేల ఎత్తయింది, అక్కడి నుంచి లోపలికి పోయేకొద్దీ పల్లం. అందుకే పంట కాలువలు ఎత్తు మీద తవ్వారు, రెండు కాలువల మధ్య పల్లంలో మురుగు కాలువ వచ్చింది. పంట బోదె ఎత్తు నుంచి చేలోకి నీళ్లు తెస్తుంది, మురుగు బోదె చేలోంచి పల్లానికి దించుతుంది. అంటే మనకీ శిఖరం ఉంది, లోయ ఉంది, కాకపోతే తేడా కొండంత కాదు, కొన్ని అడుగులే. ఆ కొన్ని అడుగుల్లో ఎవరో ఒకరు బోదె పూడ్చి ఇల్లు కట్టినా, తూము లేకుండా రోడ్డేసినా పైనున్న చేలన్నీ మునుగుతాయి. ఈ ముక్క వాళ్ల పుస్తకంలో ఎక్కడా లేదు. పుస్తకం మళ్లీ వేస్తే ముందు ఆయన చేత ఒక చాప్టర్ రాయించుకోండి అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చాను.

ఆయనే ఇంకో మాటన్నారు. గోదావరికి ఏడు పాయలని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, ఆ ఏడుగురు రుషుల పేర్లలో కౌశిక ఇప్పుడు అమలాపురంలో మురుగు మోస్తోంది, తుల్యభాగ తూర్పు డెల్టాలో మురుగు మోస్తోంది. పుష్కరాలకి గౌతమిలో మునుగుతాం, వశిష్టలో మునుగుతాం, కౌశికలోకి మాత్రం చికెన్ వ్యర్థాలు విసురుతాం. ఇది విని ఎవరూ నవ్వలేదు.

ఇక గట్టు మీదకి వద్దాం. మాకు ఇచ్చిన కిట్టులో ప్రాణవాయువు పరీక్ష, పీహెచ్ స్ట్రిప్పులు, నీటిలో కరిగిన లవణాలు ఎన్నో చెప్పే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు, తాగునీటికి నల్లబడే సీసాలు ఉన్నాయి. వీటిలో డబ్బుకి తగిన వస్తువు ప్రాణవాయువు పరీక్షే. చిన్న గాజు సీసాని నీటి లోపలే ముంచి, ఒక్క బుడగ కూడా మిగలకుండా లోపలే మూత బిగించాలి. పైకి తీశాక రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేసి, మూత పెట్టి, తలకిందులు చేస్తూ కలపాలి. నీటిలో ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు గసి మబ్బులా లేచి మెల్లగా అడుక్కి దిగుతుంది. లేకపోతే ఆ గసి తెల్లగానే ఉండిపోతుంది. పంట కాలువలో పట్టిన సీసా చక్కగా గోధుమ రంగులోకి తిరిగింది. అక్కడికి కూతవేటు దూరంలో, గుర్రపుడెక్క కమ్మేసిన డ్రైన్లో పట్టిన సీసాలో పాల విరుగుడంత తెల్లగా తేలింది. పక్కనున్న డిగ్రీ అమ్మాయి మందు వేయడం మర్చిపోయామేమో అని మళ్లీ చేసింది. మళ్లీ తెలుపే. ఆ తర్వాత యాసిడ్ వేసి, నీలం రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టి అంకె కట్టే పద్ధతి కూడా నేర్పారు. చేపలు బతకాలంటే లీటరుకి కనీసం 4 మిల్లీగ్రాములుండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. తెల్ల గసి వచ్చిన సీసాకి లెక్క కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక లోపం. పరీక్ష పదకొండు గంటల ఎండలో చేయించారు. పగలు నాచూ మొక్కలూ ప్రాణవాయువు వదులుతాయి, రాత్రంతా అవే వాడుకుంటాయి, కాబట్టి నీటి అసలు బండారం తెల్లవారుజామున బయటపడుతుంది. రొయ్యల చెరువు చేసేవాళ్లని ఎవర్నైనా అడగండి, అర్ధరాత్రి కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల గురించి ఎంత టెన్షన్ పడతారో. వాళ్లకి తెలిసింది ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకి తెలియకుండా ఉంటుందా, తెలుసు, తెల్లారగట్ల లేచి రావడానికే బద్ధకం.

టీడీఎస్ పెన్ను గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. తాగునీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 వరకు అనేది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) లెక్క, ఆ మేరకి బోరు నీళ్లు చూసుకోవడానికి పనికొస్తుంది. అదే పట్టుకుని సముద్రం వైపు డ్రైను నోటికి పోతే పోటు వేళ అంకెలు పైకి పరుగెత్తి చివరికి చేతులెత్తేస్తుంది, సముద్రపు నీరు 35,000 దగ్గర ఉంటుంది మరి. అక్కడ రొయ్యల రైతుల దగ్గరుండే సాలినిటీ మీటరే కావాలి. ఉప్పు ఎక్కడిదాకా ఎగదన్నుకొస్తోందో కొలవడమే కోనసీమలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత, దానికి కిట్టులో సాధనం లేదు.

నల్లబడే సీసాల దగ్గర మాత్రం ట్రైనర్ల కంటే డ్వాక్రా ఆడవాళ్లే ముందున్నారు. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్షలు నేర్పాలని పెట్టారు కదా, మాతో వచ్చినవాళ్లలో ఇద్దరు అలా నేర్చుకున్నవాళ్లే. "వదినా, సీసా లోపల వేలు తగలనివ్వకు, తగిలితే నీ చెయ్యి శుభ్రమో కాదో తేలుతుంది గానీ నీళ్లు కాదు" అని పక్కావిడకి చెబుతుంటే ట్రైనర్ మాట్లాడకుండా పక్కన నిలబడ్డాడు. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు అలా ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లగా మారుతుంది. గీత గీసినట్టు తెలిసిపోయే పరీక్ష, స్కూలు పిల్లల చేత కూడా చేయించొచ్చు.

గుర్రపుడెక్క తీయడం మీద పూట మొత్తం పెట్టారు, అదే ఈ ట్రైనింగ్‌లో నాకు బాగా నచ్చిన భాగం. పరుపు పరిచినట్టు పైన పచ్చగా ఉంటుంది, గట్టు నుంచి లాగితే సులువే అనిపిస్తుంది, పంగల కర్రతో ఒక గుంజు గుంజితే తెలుస్తుంది దాని బరువు. దిగువ నుంచి మొదలుపెట్టి ఎగువకి రావాలని చెప్పారు, అప్పుడు విడిపోయిన ముక్కలు పారే నీటితో కిందకి పోతాయి, లేదంటే తీసిన చోటే మళ్లీ చేరతాయి. దిగువన అడ్డంగా తాడు కట్టి ఆ ముక్కల్ని పట్టాలి. తీసింది గట్టు అంచున పోయకూడదు, ఒక్క వానకి తిరిగి డ్రైన్లోకి జారిపోతుంది. అనుకూలమైన వాతావరణంలో రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది, విత్తనం బురదలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. అందుకే ఒక్కసారి పొక్లెయినర్ పెట్టి ఫోటో దిగి వెళ్లిపోతే లాభం లేదు. మందు కొట్టి చంపితే అది అక్కడే మునిగి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు నీటిలో ఉన్న కాస్త ప్రాణవాయువు కూడా లాగేస్తుంది. పొద్దున చూసిన తెల్ల గసి గుర్తుంది కాబట్టి ఈ మాట ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అయితే ఆ పని చేయించడానికి అందరికీ కలిపి నాలుగు జతల బూట్లు కూడా తేలేదు. డ్రైన్లో ఎలుకల జ్వరం భయం ఉంది, కాలికి చిన్న పుండున్నా బురదలోంచి అంటుకుంటుంది. గట్టు గడ్డిలో రక్తపింజరి సంగతి కోనసీమ వాళ్లకి నేను చెప్పాలా. లైఫ్ జాకెట్ ఒకటంటే ఒకటి లేదు. బ్యానర్ మాత్రం బ్రహ్మాండంగా వేయించారు. ఆడవాళ్లకి బాత్రూం ఏర్పాటు లేకపోవడం ఇంకా పెద్ద లోటు, దగ్గరలో ఒక ఇంటివాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది.

వరద రోజుల గురించి చెప్పింది ప్రతి లంక ఊరి వాళ్లూ వినాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, 1986 ఆగస్టులో 35 లక్షల దాకా వచ్చింది, ఇవి మన ఇళ్లలో అందరికీ నోటికి వచ్చు. వచ్చిన కొత్త విషయం ఏమిటంటే గట్టు కాపలా ఎలా కాయాలో. గట్టుకి లోపలి వైపు, అంటే ఊరి వైపు, నీరు ఊరుతుంటే ముందు దాని రంగు చూడాలట. తేటగా వస్తుంటే కనిపెట్టుకుని ఉండాలి, బురదగా వస్తుంటే గట్టులో మట్టి కొట్టుకుపోతున్నట్టు లెక్క, వెంటనే ఇంజనీర్లకి చెప్పాలి. అలాంటి బుంగని పైనుంచి మూసేయకూడదు, మూస్తే నీరు ఇంకో చోట పొడుచుకొస్తుంది. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీటిమట్టం పెరగనివ్వాలి, అప్పుడు తోసుకొచ్చే జోరు తగ్గుతుంది. దీన్ని నిజంగా బస్తాలు మోయించి చేయించారు. ఎవరు ఏ బస్తా ఎటు పెట్టాలో తెలియక గందరగోళమే, కానీ వరద రాత్రి పడాల్సిన గందరగోళం పగలే పడ్డాం, అది మంచిదే.

ఏది ఎవరిదో చెప్పిన క్లాసు కూడా పైసా వసూల్. పంట కాలువ ఇరిగేషన్ వాళ్లది, పెద్ద డ్రైను డ్రైనేజీ విభాగానిది, ఊరి మురుగు పంచాయతీది. అర్జీ తప్పు టేబుల్ మీద పెడితే ఏళ్లు తిరుగుతుంది. ఒక ఆఫీసులో మా ఊరి డ్రైను గురించి అడిగితే అది మాది కాదన్నారు, సరే ఎవరిదండీ అంటే అదీ చెప్పలేదు, అలాంటి అనుభవం బ్యాచ్‌లో అందరికీ ఉంది. ఇక్కడ నేర్పిన పద్ధతి ఏంటంటే, డ్రైను పేరు, కిలోమీటరు రాయి, ఏ ఊరి పొలిమేర, లొకేషన్ పడేలా ఫోటో, పరీక్ష ఫలితం తేదీతో సహా, ఇవన్నీ ఒకే కాగితం మీద పెట్టి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోవడం. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలని, నీరు, భూమి, చెట్లని కాపాడే 2002 వాల్టా చట్టాన్ని ఎప్పుడు వాడుకోవచ్చో కూడా టూకీగా చెప్పారు. 2011లో కోనసీమ రైతులు సార్వా (వానాకాలం పంట) వేయకుండా క్రాప్ హాలిడే పెట్టారంటే గిట్టుబాటు ధర ఒక్కటే కాదు, చేలోంచి మురుగు దిగకపోవడం కూడా అందులో ఉంది. అంత కోపం ఉన్న చోట ఒక సరైన అర్జీ రాయడం ఇన్నాళ్లూ ఎవరూ నేర్పలేదు.

చివర్లో కోరంగి తీసుకెళ్లారు. యానాం బ్రిడ్జి దాటి, 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న ఆ మడ అడవిలో చెక్క వంతెన మీద నడిపించారు. తెల్ల మడ, నల్ల మడ గుర్తుపట్టడం నేర్పారు, తిల్ల చెట్టు కొమ్మ విరవొద్దని, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని హెచ్చరించారు. ఉప్పు మేటవేసి ఎండిపోయిన నేలలో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, నడి కాలువ నుంచి పిల్ల కాలువలు ఏటవాలుగా తీసి, పోటుకి నీళ్లు ఎక్కి పాటుకి దిగేలా చేసి, ఆ కాలువల ఒడ్డున మడ మొక్కలు నాటే పద్ధతి మాత్రం దూరం నుంచి బొమ్మ చూపించి సరిపెట్టారు. నా ఉద్దేశంలో మొత్తం ట్రైనింగ్‌లో డెల్టాకని పుట్టిన విద్య ఏదైనా ఉందంటే అదే. స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి మన గోదావరి మడల్లోనే ఊళ్ల వాళ్ల చేత చేయించిన పని అది. దాన్ని పడవలో తీసుకెళ్లి చూపించకుండా సెల్ఫీలకి టైమిచ్చారు.

ఇంకో విషయం దాటేశారు, అది ఊరికే వదలను. రొయ్యల చెరువుల నీళ్లు. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక చెరువులెంత పెరిగాయో చెప్పక్కర్లేదు, రొయ్యలు పట్టేశాక ఆ నీళ్లన్నీ ఎక్కడికి వదులుతారో గట్టు మీద నిలబడ్డ అందరికీ తెలుసు. 5 హెక్టార్లు, ఆపైన ఉన్న ఫారాలకి నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. మన దగ్గర ఎక్కువ చిన్న చెరువులే, దానికిందకి రావు. ఒకావిడ సూటిగా అడిగింది, "మా పంట బోదెలోకి ఉప్పు నీళ్లు వదిలితే ఎవరికి చెప్పాలండీ?" అని. బ్యాచ్‌లో చెరువులున్న పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ట్రైనర్ నీళ్లు నమిలి, టీ బ్రేక్ అన్నాడు. ఆ టీ బ్రేక్ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. చెరువులు చేసేవాళ్లని శత్రువుల్ని చేయమని నేననట్లేదు, మా చుట్టాల్లోనూ ఉన్నారు, కానీ నీళ్ల ట్రైనింగ్ పెట్టి ఆ మాట ఎత్తకపోతే ఎలా.

ట్రైనింగ్ అయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు, వాట్సాప్ గ్రూపులో కలిపారు. కొలతలు పంపమన్నారు, పంపుతున్నాం. వాటిని ఎవరు రాసుకుంటున్నారో, ఏం చేస్తున్నారో ఇంతవరకు ఒక్క మాట లేదు. అందుకని మా ఊరి వాళ్లం ఒక నోటు పుస్తకం పెట్టుకుని సచివాలయం పక్క టీ కొట్లో ఉంచాం, కొలిచినవాళ్లు అందులోనే రాస్తున్నారు.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. హాలుకి రెండు, గట్టుకి నాలుగున్నర వేసి, గట్టు వైపు కాస్త మొగ్గి తేల్చాను. పొలం ఉన్నవాళ్లు, నీటి సంఘంలో ఉన్నవాళ్లు, లంకల్లో ఉండేవాళ్లు తప్పక వెళ్లండి. సర్టిఫికెట్ కోసమైతే వద్దు. వీలైతే వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక పెట్టే బ్యాచ్‌లో చేరండి, అప్పుడు అడుగు కనిపిస్తుంది, పూడిక ఎంతుందో, ఎవరి తూము ఎంత కిందకి పెట్టారో, ఎవరి ఇంటి పైపు ఎక్కడ తేలిందో దాచినా దాగదు. పేరిచ్చేముందు ఫోన్ చేసి బూట్లు ఇస్తారా, ఆడవాళ్లకి ఏర్పాటుందా అని అడగండి, కిట్టు చేతికిచ్చినప్పుడు మందు సీసాల మీద ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి. మాకిచ్చిన వాటిలో ఒకటి గడువు దాటింది, అడిగితే మార్చిచ్చారు.